మధ్యయుగ కతోలిక మతాధిపతులు ఇంకా పెద్ద రాజ్యాలు ఏలగలిగేవారా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు నవల కోసం 14వ శతాబ్దపు యూరప్‌ను వేరేగా ఊహిస్తున్నారు. అందులో పోపు ఇటలీలో ఎక్కువ భాగం ఏలాలి, జర్మనీలో బిషప్పులు రాజుల్ని మించిపోవాలి. 1077లో తన మీది వెలి ఎత్తేయమని కానోసా కోట బయట చలిలో నిలబడ్డ జర్మనీ రాజు నాలుగవ హెన్రీని ఏడవ గ్రెగరీ పోపు క్షమించకుండా తిప్పి పంపేసి ఉంటే చరిత్ర అటు తిరిగేదా అని అడిగారు.

తిరిగేది కాదు. కానోసా దగ్గర కథ మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను. ఎందుకంటే గ్రెగరీ క్షమించినా, క్షమించకపోతే ఏం జరుగుతుందని మనం ఊహిస్తామో దాదాపు అదే జరిగింది. రెండు నెలలు తిరక్కుండానే జర్మన్ ప్రభువులు ఫోర్‌హైమ్‌లో కూడి స్వాబియా డ్యూక్ రుడాల్ఫ్‌ను పోటీ రాజుగా ఎన్నుకున్నారు. 1080లో గ్రెగరీ హెన్రీని మళ్లీ వెలివేశాడు. అదే ఏడు రుడాల్ఫ్ యుద్ధంలో పోయాడు. 1084లో హెన్రీ రోమ్ చేరి, తాను నిలబెట్టిన పోపు చేత చక్రవర్తి కిరీటం పెట్టించుకున్నాడు. మరుసటి ఏడు గ్రెగరీ సలెర్నోలో, రోమ్‌కు దూరంగా, కన్నుమూశాడు. అప్పటి తగాదా బిషప్పును ఎవరు నియమించాలన్న దాని మీద, భూమి మీద కాదు. కానోసా కోట యజమానురాలు మటిల్డా తన సొంత భూములన్నీ పోపు పీఠానికి రాసిచ్చిన మాట నిజమే. కానీ 1115లో ఆమె పోయాక చక్రవర్తులు వాటిని వదలలేదు, వందేళ్ల పాటు ఆ ఆస్తి తగాదాలోనే ఉంది. కాగితం మీద భూమి రావడానికీ, ఆ భూమిలో పన్ను వసూలు చేయగలగడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూపడానికి మటిల్డా వీలునామా ఒక్కటి చాలు.

మీ ఊహలో ఇంకో ఇబ్బంది ఉంది. మీరు చర్చి అంతటినీ ఒకే పక్షంగా లెక్కేశారు. మధ్యయుగంలో పోపు బలపడితే బిషప్పులు బలపడినట్టు కాదు, చాలాసార్లు ఒకరి లాభం ఇంకొకరికి నష్టం. దీనికి నాకు తెలిసినంతలో 1111ను మించిన సాక్ష్యం లేదు. ఆ ఏడు రెండవ పాస్కల్ పోపు, నాలుగవ హెన్రీ కొడుకు ఐదవ హెన్రీ ఒక ఒప్పందానికి వచ్చారు. రాజు నుంచి బిషప్పులకు వచ్చిన కౌంటీలు, సుంకాలు, నాణేల టంకశాలలు, సంతల హక్కులు అన్నీ రాజుకే తిరిగి ఇచ్చేయాలి. బదులుగా బిషప్పుల నియామకంలో రాజు వేలు పెట్టకూడదు. మత స్వేచ్ఛ కోసం రాజ్యాధికారాన్నే వదులుకుందామన్నాడు పాస్కల్. ఫిబ్రవరి 12న సెయింట్ పీటర్స్ చర్చిలో ఈ షరతులు చదివి వినిపించేసరికి పెద్ద గందరగోళం లేచింది. గట్టిగా ఎదురు తిరిగినవాళ్లు బిషప్పులే. వాళ్ల దృష్టిలో పోపు వాళ్ల ఇల్లు అమ్మేసి తన పని చక్కబెట్టుకుంటున్నాడు. పట్టాభిషేకం ఆగిపోయింది. హెన్రీ పోపునూ కార్డినళ్లనూ బందీలుగా పట్టుకుపోయి, రెండు నెలల తర్వాత తనకు కావాల్సిన మాట రాయించుకుని కిరీటం పెట్టించుకున్నాడు. ఆ రోజు ఆ చర్చిలో పోపు, బిషప్పులు, రాజు మూడు వేర్వేరు పక్షాలు. మీ నవల ఏ పక్షం గెలుపు మీద నిలబడుతుందో ముందే తేల్చుకోండి.

వీటన్నిటికంటే లోతైన చిక్కు వారసత్వం. రాజ్యాలు కత్తితో మొదలైనా పెళ్లిళ్లతోనూ వారసులతోనూ పెరిగాయి. బిషప్‌కు పెళ్లి లేదు, తన తర్వాత ఎవరు రావాలో చెప్పే హక్కు కూడా లేదు. మన మఠాల్లో పీఠాధిపతి బతికుండగానే ఉత్తరాధికారిని ఎంచుకుని తన పద్ధతులన్నీ నేర్పించుకోవచ్చు. కతోలిక చర్చి చట్టం బిషప్‌కు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఆయన కన్నుమూయగానే కతీడ్రల్‌కు అనుబంధంగా ఉండే కానన్లు అనే మతాధికారుల సభ కూడి కొత్త బిషప్పును ఎన్నుకుంటుంది. ఆ కానన్లు చుట్టుపక్కల ప్రభువుల కుటుంబాల చిన్న కొడుకులు, తమ్ముళ్లు. గట్టి బిషప్ ముప్పై ఏళ్లు ఏలి కోటలు కూడగడితే, వాళ్లకు ఆ తర్వాత కావాల్సింది మెత్తటి మనిషి. పైగా ఎన్నికకు ముందే "ఈ కోట మా వాళ్లకే, ఈ సుంకం మాకే" అని అభ్యర్థి చేత షరతులు రాయించుకోవడం 13వ శతాబ్దం నుంచి ఆనవాయితీ అయిపోయింది. ఒక తరం కూడబెట్టింది ఇంకో తరం ఎన్నిక రోజే పంచేసేది.

దీనికి తోడు రక్తం చిందించే శిక్ష విధించడం మతాధికారికి నిషిద్ధం. 1215 నాటి చర్చి మహాసభ, నాలుగవ లాటరన్ సభ, ఈ సంగతి మళ్లీ గట్టిగా చెప్పింది. కానీ భూమి ఏలేవాడు దొంగను ఉరితీయాలి కదా? అందుకని చర్చి భూముల్లో ఆ పని చేయడానికి ఒక లౌకిక ప్రభువును పెట్టుకునేవారు. జర్మనీలో ఆయన్ని ఫోక్ట్ అంటారు. చర్చి తరఫున న్యాయం చేయాల్సిన ఈ ఫోక్ట్ పదవి క్రమంగా వంశపారంపర్యమైపోయింది, అతని కుటుంబమే చర్చి భూములను కొరుక్కు తినడం మొదలుపెట్టింది. ఎన్నో మఠాలకూ మేత్రాసనాలకూ (బిషప్ అధికార ప్రాంతాలకూ) శత్రురాజు కంటే సొంత ఫోక్ట్ చేసిన నష్టమే ఎక్కువ. నవలలో ఒక బిషప్‌ను బలవంతుడిగా చూపించాలంటే ముందు ఫోక్ట్ హక్కులను కొనేసినట్టో, లాగేసుకున్నట్టో చూపించండి. నిజంగా బలపడ్డ బిషప్పులు చేసింది అదే.

ఈ మూడు అడ్డంకులనూ దాటే దారి ఉందా అన్నదే అసలు ప్రశ్న. నాకు మూడు దారులు కనిపిస్తాయి. వాటి బలం ఒకలా లేదు.

మొదటిది పోపు దారి. ఇక్కడ కానోసా కంటే ఎంతో మంచి మలుపు 1254 శరదృతువులో ఉంది. అప్పటి పోపు నాలుగవ ఇన్నోసెంట్ జెనోవా ఫియెస్కీ కుటుంబీకుడు, చర్చి చట్టంలో గొప్ప పండితుడు. 1245లో లియోన్ నగరంలో జరిగిన చర్చి సభలో చక్రవర్తి రెండవ ఫ్రెడరిక్‌ను పదవి నుంచి తీసేసింది ఈయనే. ఫ్రెడరిక్ 1250లో, కొడుకు కాన్రాడ్ 1254 మేలో పోయారు. సిసిలీ రాజ్యానికి మిగిలిన వారసుడు జర్మనీలో ఉన్న రెండేళ్ల పసివాడు. సిసిలీ రాజ్యమంటే ద్వీపం ఒక్కటే కాదు, నేపుల్స్ నుంచి కిందికి దక్షిణ ఇటలీ అంతా. 1059 నుంచి అది కాగితం మీద పోపుకు సామంత రాజ్యం. ఆ సింహాసనాన్ని ఇంగ్లండు రాకుమారుడికి ఇస్తానని ఒకవైపు బేరాలు నడుపుతూనే ఇన్నోసెంట్ ఇంకోవైపు తానే సైన్యంతో బయలుదేరాడు. ఫ్రెడరిక్ వివాహేతర కొడుకు మాన్‌ఫ్రెడ్ లొంగిపోయాడు, సరిహద్దు దగ్గర పోపు గుర్రం కళ్లెం పట్టుకుని నడిచాడు. అక్టోబరు చివరికి పోపు నేపుల్స్‌లో ఉన్నాడు. పోపులు ఆ రాజ్యాన్ని తామే నేరుగా ఏలడానికి ఇంత దగ్గరగా ఇంకెప్పుడూ రాలేదు.

తర్వాత జరిగింది చూడండి. ఒక హత్య గొడవలో ఇరుక్కున్న మాన్‌ఫ్రెడ్ పారిపోయి లుచెరా చేరాడు. అది ఫ్రెడరిక్ సిసిలీ నుంచి తరలించిన ముస్లింలు ఉండే ఊరు, రాజఖజానా అక్కడే ఉంది. ఊరి అధికారి పోపుతో మాట్లాడుకోవడానికి వెళ్లాడు, గేటు తీయొద్దని వెనకున్న వాళ్లకు చెప్పి మరీ వెళ్లాడు. కానీ లోపలి సైనికులు ఫ్రెడరిక్ కొడుకును చూసి గేటు బద్దలుకొట్టి లోపలికి తీసుకున్నారని ఆ కాలపు వృత్తాంతం చెబుతుంది. ఆ ఖజానాతో మాన్‌ఫ్రెడ్ సైన్యం కూడగట్టాడు. డిసెంబరు 2న ఫొజ్జా దగ్గర పోపు సోదరుడి కొడుకైన కార్డినల్ నడిపిన సైన్యం చెదిరిపోయింది. ఐదు రోజుల తర్వాత ఇన్నోసెంట్ నేపుల్స్‌లోనే పోయాడు.

లుచెరా గేటు తెరుచుకోలేదనుకోండి. పోపు చేతికి అప్పటి యూరప్‌లో చక్కగా నడిచే పాలనా యంత్రాంగాల్లో ఒకటి వచ్చేది. 1231లో మెల్ఫీలో ప్రకటించిన ఫ్రెడరిక్ శాసనాలు, ప్రాంతానికొక న్యాయాధికారి, ధాన్యం ఎగుమతి మీద సుంకాలు, అధికారులను తయారు చేయడానికి 1224లో పెట్టిన నేపుల్స్ విశ్వవిద్యాలయం, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దీనికి మధ్య ఇటలీలో అప్పటికే ఉన్న స్పొలేతో, అంకోనా ప్రాంతాలు కలిస్తే పో నదికి దక్షిణాన చాలా భాగం ఒకే ఏలుబడి కిందికి వస్తుంది. మీకు కావాల్సిన పటం ఇదే.

అది నిలిచేదా? నలభై ఏళ్లు నిలవడం కూడా కష్టమని నా అభిప్రాయం. ఇన్నోసెంట్ పోయిన 1254 డిసెంబరు నుంచి 1294 చివరి దాకా 13 మంది కొత్త పోపులు వచ్చారు. ఒక్క 1276లోనే నలుగురు పోపులు ఆ పీఠం మీద ఉన్నారు. అదే కాలంలో ఫ్రాన్స్ ముగ్గురు రాజులతో నడిచిపోయింది. అంతకంటే ప్రమాదం ఖాళీలు. 1268 నవంబరులో నాలుగవ క్లెమెంట్ పోయాక పోపును ఎన్నుకునే కార్డినళ్లు వితెర్బో పట్టణంలో కూర్చుని దాదాపు మూడేళ్లు ఎవరినీ తేల్చలేకపోయారు. 1292 నుంచి 1294 దాకా మళ్లీ అదే తంతు. మూడేళ్లు రాజు లేని సిసిలీని ఊహించండి. పన్ను ఆజ్ఞ మీద ముద్ర ఎవరిది? పాలెర్మో రేవులో ధాన్యం ఓడకు అనుమతి ఎవరిస్తారు? 1282లో పాలెర్మో జనం తిరగబడి ఫ్రెంచివాళ్లను ఊచకోత కోసింది, పోపుల అండతో సిసిలీ రాజైన ఫ్రెంచి రాకుమారుడు ఆంజూ చార్లెస్ పన్నులకూ అధికారులకూ విసిగి. పోపు అధికారులే వసూలు చేసి ఉంటే ఆ కత్తులు వాళ్ల మీదికే వచ్చేవి.

అయినా ఈ దారిలో నవలకు పనికొచ్చే గొప్ప సంఘర్షణ ఉంది. రాజుగా ఉన్న పోపు తన సొంత పన్ను ఎగ్గొట్టినవాణ్ణి వెలివేస్తాడు, తన మీద తిరగబడ్డ ఊరి మీద క్రూసేడ్ అనే మతయుద్ధం ప్రకటిస్తాడు. నిజ చరిత్రలో కూడా మాన్‌ఫ్రెడ్ మీద క్రూసేడ్ ప్రకటించారు, దాని మీద యూరప్‌లో విమర్శ వచ్చింది. పేదరికమే క్రీస్తు మార్గమని పట్టుబట్టిన ఫ్రాన్సిస్కన్ సన్యాసుల వర్గం ఆ శతాబ్దం చివర్లో ఎంత పెద్ద తలనొప్పి అయిందో మీకు తెలిసే ఉంటుంది. పోపే నేపుల్స్ రాజైతే ఆ వర్గానికి దక్షిణ ఇటలీ మొత్తం చెవి ఒగ్గేది. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ మత చీలిక రెండు వందల ఏళ్లు ముందే జరిగినట్టు రాసినా నేను ఒప్పుకుంటాను.

రెండవది రైన్ నది బిషప్పుల దారి. మీరు దీని మీద చాలా ఆశ పెట్టుకున్నారు, నాకు అంత ఆశ లేదు. బిషప్పులకు ఇక్కడ అప్పటికే ఎంతో ఉంది. 1180లో కొలోన్ ఆర్చ్‌బిషప్‌కు వెస్ట్‌ఫేలియాలో డ్యూక్ హోదా వచ్చింది. 1220లో రెండవ ఫ్రెడరిక్ మతాధిపతులకు వాళ్ల భూముల్లో సుంకాలు, నాణేలు, కోటల విషయంలో విస్తారమైన హక్కులు రాసిచ్చాడు. 1356 నాటి బంగారు ముద్ర శాసనంలో రాజును ఎన్నుకునే ఏడుగురిలో ముగ్గురు ఆర్చ్‌బిషప్పులే: మైన్స్, కొలోన్, ట్రియర్.

ఇక్కడ మలుపు కావాలంటే 1288 జూన్ 5, వొరింగెన్ యుద్ధం. లింబుర్గ్ డచీ వారసత్వ తగాదాలో కొలోన్ ఆర్చ్‌బిషప్ జీగ్‌ఫ్రీడ్ ఒకవైపు. బ్రబాంట్ డ్యూక్, బెర్గ్ కౌంట్, వీళ్లతోపాటు ఆర్చ్‌బిషప్ సొంత నగరం కొలోన్ పౌరులు ఇంకోవైపు. జీగ్‌ఫ్రీడ్ ఓడి బెర్గ్ కౌంట్ చేతికి బందీగా చిక్కాడు. కొలోన్ నగరం అప్పటినుంచి ఆర్చ్‌బిషప్ మాట వినే అవసరం లేకుండా బతికింది, ఆర్చ్‌బిషప్పులు బాన్ వైపు, బ్రూల్ వైపు నివాసం మార్చుకోవాల్సి వచ్చింది. గెలిచిన బెర్గ్ కౌంట్ రెండు నెలలకే డ్యూసెల్డార్ఫ్ అనే పల్లెకు పట్టణ హోదా ఇచ్చాడు.

జీగ్‌ఫ్రీడ్ గెలిస్తే రైన్ దిగువ భాగమంతా ఆయనదే. డ్యూసెల్డార్ఫ్ పల్లెగానే ఉంటుంది, బ్రబాంట్‌కు లింబుర్గ్ దక్కదు. కానీ 1297లో ఆయన పోయేవాడే, కానన్లు మళ్లీ కూడేవాళ్లే. నిజానికి ఓడిపోయిన తర్వాత కూడా జీగ్‌ఫ్రీడ్ 1292లో నాసావు అడోల్ఫ్‌ను రాజుగా నిలబెట్టి, పోగొట్టుకున్నవి తిరిగి ఇప్పిస్తానని అతని చేత మాట తీసుకున్నాడు. యుద్ధంలో పోయింది ఎన్నికలో సంపాదించాలన్నది ఆయన ఎత్తు. అడోల్ఫ్ రాజయ్యాక ఆ మాట పట్టించుకోలేదు.

రైన్ దారిలో నేను నిజంగా గౌరవించే మనిషి ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డ్విన్. లక్సెంబుర్గ్ కుటుంబీకుడు, 1307లో ఎన్నికైనప్పుడు ఇరవై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు, 1354 దాకా ఏలాడు. తన అన్న రాజయ్యేలా చూశాడు. తన హక్కుల దస్తావేజులన్నీ సంపుటాలుగా నకలు రాయించి దగ్గర పెట్టుకున్నాడు. ట్రియర్‌నూ కోబ్లెంజ్‌నూ కలుపుతూ కోటల వరుస నిర్మించుకున్నాడు. 1328లో మైన్స్ కానన్లు ఆయన్నే తమ ఆర్చ్‌బిషప్‌గా కోరుకున్నారు. ఎనిమిదేళ్లు మైన్స్‌ను కూడా ఆయనే నడిపాడు, ఆ కాలంలోనే స్పేయర్, వోర్మ్స్ కూడా ఆయన చేతుల్లో ఉన్నాయి. ఏడు ఓట్లలో రెండు ఒక్కడివే. ఆపింది ఎవరు? అప్పట్లో రోమ్ వదిలి అవిన్యోన్ నగరంలో ఉంటున్న పోపు. చక్రవర్తి లుడ్విగ్‌తో గొడవలో ఉన్న 22వ జాన్ మైన్స్‌కు వేరే మనిషిని నియమించి పట్టు వదలలేదు, 1336లో బాల్డ్విన్ తప్పుకున్నాడు. మైన్స్‌నూ ట్రియర్‌నూ శాశ్వతంగా ఒక్కటి చేయడానికి పోపు ఒప్పుకుని ఉంటే రైన్ మధ్యభాగంలో ఒక గట్టి మతరాజ్యం పుట్టేది. అంత పెద్ద బిషప్ తర్వాత తన మాట వినడని ప్రతి పోపుకూ తెలుసు. అందుకే రోమ్ గానీ అవిన్యోన్ గానీ అలాంటి కలయికకు ఒప్పుకోవడం నాకు నమ్మశక్యంగా అనిపించదు.

మూడవ దారి సైనిక సన్యాసుల సంఘాలది, అంటే టెంప్లర్లు, హాస్పిటలర్లు, ట్యూటానిక్ ఆర్డర్ లాంటి, సన్యాస వ్రతం పట్టి యుద్ధం చేసే యోధుల సంఘాలది. నా ఓటు దీనికే. సంఘానికి పెళ్లి లేదు, చావు కూడా లేదు. మాస్టర్ పోతే సోదరులే ఇంకొకర్ని ఎన్నుకుంటారు. ఎన్నుకునేవాళ్లు, ఏలేవాళ్లు, యుద్ధం చేసేవాళ్లు అందరూ ఒకే నియమావళి కింద ఉన్నవాళ్లే. ఆస్తి సంఘానిది కనుక ఎన్నిక రోజు పంచుకోవడానికి ఏమీ లేదు.

దీనికి చరిత్రే ఒక అద్భుతమైన మలుపు ఇచ్చింది, దాన్ని ఎందుకు తక్కువమంది వాడుకుంటారో నాకు అర్థం కాదు. స్పెయిన్ ఈశాన్యంలోని అరగాన్ రాజ్యానికి రాజు మొదటి అల్ఫోన్సో 1118లో సరగోసాను ముస్లిం పాలకుల నుంచి గెలుచుకున్న యోధుడు. పిల్లలు లేరు. 1131లో బయోన్ ముట్టడి సమయంలో వీలునామా రాశాడు: నా రాజ్యమంతా మూడు భాగాలు, ఒకటి టెంప్లర్లకు, ఒకటి హాస్పిటలర్లకు, ఒకటి జెరూసలేములోని పవిత్ర సమాధి చర్చికి. 1134 జూలైలో ఫ్రాగా దగ్గర ఓడిపోయాడు, సెప్టెంబరులో కన్నుమూశాడు. పోయే ముందు అదే వీలునామాను మళ్లీ ఖాయం చేశాడు.

ప్రభువులు ఒప్పుకోలేదు. సన్యాసంలో ఉన్న తమ్ముడు రమీరోను బయటికి తెచ్చి రాజును చేశారు. అతను పెళ్లి చేసుకుని, ఒక ఆడపిల్లను కని, 1137లో ఏడాది పాపను బార్సిలోనా కౌంట్ నాలుగవ రామోన్ బెరెంగెర్‌కు ఇచ్చేలా ఒప్పందం చేసి, ఆశ్రమానికి తిరిగి వెళ్లిపోయాడు. నవార్ ప్రాంతం విడిపోయి వేరే రాజును చూసుకుంది. టెంప్లర్లకు 1143లో పరిహారం దక్కింది: మొన్సోన్ లాంటి కోటలు, రాజు ఆదాయంలో పదో వంతు, ఇకపై ముస్లింల నుంచి గెలిచే భూముల్లో ఐదో వంతు. రాజ్యం పోతే దక్కిన పరిహారమే ఇంత ఉందంటే వీలునామా బలం ఊహించుకోండి.

వీలునామా ఉన్నదున్నట్టు అమలయ్యేదని నేను అనను. 1134లో హాస్పిటలర్లు ఇంకా ప్రధానంగా రోగుల సేవలో ఉన్నారు. పవిత్ర సమాధి చర్చి కానన్లకు యుద్ధమే తెలియదు. టెంప్లర్లకు త్రువా సభలో గుర్తింపు వచ్చి ఐదేళ్లే అయింది. పైగా రోమ్‌లో 1130 నుంచి ఇద్దరు పోపుల చీలిక నడుస్తోంది. వీలునామాకు అండగా ఉన్న రెండవ ఇన్నోసెంట్‌కు అప్పట్లో తన పీఠం నిలబెట్టుకోవడమే పెద్ద పని.

అందుకని నేనైతే రెండు చిన్న మార్పులు చేస్తాను. రమీరో అన్నకంటే ముందే పోతాడు. పోపుల చీలిక మూడేళ్లు ముందే ముగుస్తుంది. అప్పుడు ప్రభువుల చేతిలో సొంత వారసుడు ఉండడు. కొండల్లోని పాత అరగాన్, హకా, వెస్కా వైపు, వాళ్లే పంచుకోనివ్వండి. సరగోసా నుంచి దక్షిణంగా కాలతాయుద్, దరోకా దాకా ఉన్న కొత్త సరిహద్దు ప్రాంతాన్ని కాపాడుకోవడం వాళ్ల వల్ల కాదు. 1134 డిసెంబరులో పడమటి పొరుగు రాజ్యాలైన కాస్తీల్, లియోన్‌ల రాజు ఏడవ అల్ఫోన్సో నిజంగానే సరగోసాలో అడుగుపెట్టాడు. అతనికి కూడా పక్కన బలమైన రాజు కంటే సన్యాసుల సంఘమే నయం. మిగతా ఇద్దరు వారసులకు ఏటా ఆదాయంలో వాటా ఇచ్చి టెంప్లర్లు ఎబ్రో నది లోయను తీసుకుంటారు. సగం వీలునామానే, కానీ నమ్మదగిన సగం.

ఇక్కడి నుంచి చాలా మారిపోతుంది. అరగాన్, బార్సిలోనా కలయిక జరగదు. మధ్యధరాలో మయోర్కా, వాలెన్సియా, సిసిలీల దాకా పాకిన రాజ్యం పుట్టదు. ఎబ్రో లోయలో కాలవల కింద సాగు చేసేది ఎక్కువగా ముస్లిం రైతులు. వాళ్లు వెళ్లిపోతే పొలం బీడు. కనుక క్రూసేడర్లే ముస్లిం రైతులను బతిమాలి ఉంచుకునే రాజ్యం అవుతుంది. నిజ చరిత్రలో కూడా అక్కడి టెంప్లర్ భూముల్లో ముస్లిం రైతులు ఉన్నారు. ఇక ఆదాయంలో ఒక భాగం ఏటా జెరూసలేముకు పోవాలి. ఎండాకాలం కాలవ గట్టు తెగినప్పుడు, బాగుచేయడానికి ఉండాల్సిన డబ్బు సముద్రం దాటిపోయిందని తెలిసిన సరగోసా వర్తకుడు ఏమంటాడు? మీ నవలలో తిరుగుబాటు బీజం అక్కడుంది.

ఈ ఊహ గాలిలో మేడ కాదు, ఎందుకంటే ఇలాంటి రాజ్యం బాల్టిక్ ఒడ్డున నిజంగా నడిచింది. ట్యూటానిక్ ఆర్డర్ 1230లలో ప్రష్యాలో యుద్ధం మొదలుపెట్టి యాభై ఏళ్లలో గెలుచుకుంది. 1234లో తొమ్మిదవ గ్రెగరీ పోపు ఆ భూమిని సెయింట్ పీటర్ ఆస్తిగా ప్రకటించి ఆర్డర్‌కు ఇచ్చాడు. 1243లో అక్కడ నాలుగు మేత్రాసనాలు ఏర్పడితే, మూడింటిలో కానన్ల సభ సభ్యులంతా ఆర్డర్ సోదరులే అయ్యారు. బిషప్‌ను ఎన్నుకునేవాళ్లే తమ వాళ్లైతే ఇక బిషప్‌తో పోటీ ఎక్కడిది? జర్మన్ బిషప్పులను వందల ఏళ్లు వేధించిన సమస్యకు ఆర్డర్ కనుక్కున్న పరిష్కారం ఇది. ఈ ఏర్పాటు చాలాకాలం కుదరని రీగాలో ఆర్చ్‌బిషప్‌కూ ఆర్డర్‌కూ ఏళ్ల తరబడి యుద్ధాలు నడిచాయి.

1307 అక్టోబరు 13న ఫ్రాన్స్ రాజు నాలుగవ ఫిలిప్ తన రాజ్యంలోని టెంప్లర్లందరినీ పట్టించాడు. రెండేళ్లు తిరక్కుండా 1309లో ట్యూటానిక్ ఆర్డర్ తన ముఖ్యస్థానాన్ని వెనిస్ నుంచి ప్రష్యాలోని మరియెన్‌బుర్గ్‌కు మార్చుకుంది. తమకంటూ భూమి లేని సంఘం ఏమవుతుందో వాళ్లు కళ్లారా చూశారు. మీ కథలో టెంప్లర్లకు సరగోసా ఉంటే ఫిలిప్ పారిస్‌లో ఎంతమందిని పట్టుకున్నా సంఘం చావదు. నిజంలో కూడా అరగాన్ టెంప్లర్లు కోటల్లో తలుపులు వేసుకుని రాజు సైన్యాన్ని ఎదిరించారు, మిరవెత్ 1308 చివరి దాకా, మొన్సోన్ 1309 దాకా నిలిచాయి. చేతిలో రాజ్యం లేకుండానే అంతకాలం నిలిచారు.

ట్యూటానిక్ రాజ్యం ఎలా కూలిందో కూడా మీకు పనికొస్తుంది. 1410 గ్రున్‌వాల్డ్ ఓటమి గురించి అందరూ చెబుతారు, నాకు అంతకంటే 1454 ముఖ్యం. సోదరులు ఎక్కువగా జర్మనీ నుంచి వచ్చిన ప్రభుకుటుంబాల వాళ్లు. ప్రష్యాలో పుట్టిపెరిగిన భూస్వాములకూ, డాంజిగ్, తోరున్ వర్తకులకూ ఆ సంఘంలో చోటు దొరకడం కష్టం. పన్ను కట్టేది వీళ్లు, నిర్ణయం వాళ్లది. 1440లో వీళ్లంతా కూటమి కట్టారు, 1454లో పోలండు రాజును పిలిచారు. పదమూడేళ్ల యుద్ధంలో కూలి సైనికులకు జీతాలివ్వలేక ఆర్డర్ చివరికి మరియెన్‌బుర్గ్ కోటనే తాకట్టు పెట్టింది. ఆ సైనికులు 1457లో దాన్ని పోలండు రాజుకు అమ్మేశారు. మీ ఎబ్రో రాజ్యం కూలేది కూడా ఇలాగే. ప్రోవెన్స్ నుంచో బుర్గుండీ నుంచో వచ్చిన మాస్టర్ ఒకడు, సరగోసాలో పుట్టినవాడికి పదవి నిరాకరించడంతో మొదలవుతుంది.

జెరూసలేము గురించి కూడా అడగబోతారని ఊహించి రెండు మాటలు చెబుతాను. మొదటి క్రూసేడ్‌లో జెరూసలేము గెలిచాక దాన్ని ఏలిన గాడ్‌ఫ్రే 1100 ఈస్టర్‌కు జెరూసలేమునూ జాఫానూ పాట్రియార్క్ (అక్కడి చర్చి అధిపతి) డైంబర్ట్‌కు ఇచ్చేస్తానని మాట ఇచ్చాడు. జూలైలో పోయాడు. డైంబర్ట్ నమ్ముకున్న క్రూసేడ్ నాయకుడు బోహెమండ్ అదే వేసవిలో తుర్కుల చేతికి చిక్కడంతో, గాడ్‌ఫ్రే తమ్ముడు బాల్డ్విన్ వచ్చి క్రిస్మస్ నాడు కిరీటం పెట్టుకున్నాడు. బోహెమండ్ చిక్కకపోతే అక్కడ మతరాజ్యం పుట్టేదే. కానీ సైన్యం లేని పాట్రియార్క్ ఒక రక్షకుణ్ణి పెట్టుకోవాలి, ఆ రక్షకుడే రెండో తరానికి రాజవుతాడు. పైన చెప్పిన ఫోక్ట్ కథే ఇక్కడా నడుస్తుంది. నవలలో ఒక అధ్యాయానికి బాగుంటుంది, మొత్తం నవలను మోయలేదు.

కనుక మీ 14వ శతాబ్దపు పటం ఇలా మార్చమంటాను. పోపు ఇటలీ అంతా ఏలడం వదిలేయండి, ఆయనకు 1254 గెలుపు ఇచ్చి 1280ల నాటికి దక్షిణం జారిపోనివ్వండి. రైన్ మీద బాల్డ్విన్‌ను ఉన్నదున్నట్టు ఉంచండి, ఆయనకు మార్పు అక్కర్లేదు. ఎబ్రో లోయలో టెంప్లర్లనూ, బాల్టిక్ ఒడ్డున ట్యూటానిక్ ఆర్డర్‌నూ రెండు నిజమైన రాజ్యాలుగా నిలబెట్టండి. ఈ రెండూ పోపుకు పేరుకే లోబడినవి, ఆయన ఉత్తరం వస్తే తీరిగ్గా చదివేవి. మొదటి అధ్యాయం 1134 సెప్టెంబరులో, అల్ఫోన్సో వీలునామా చదివిన గదిలో మొదలుపెట్టండి. రమీరో అప్పటికే పోయాడన్న సంగతి పాఠకుడికి మొదటి పేజీలోనే తెలియాలి. ఆ గదిలో ఉన్న ప్రభువుల్లో ఒకరికైనా తన కొడుకును టెంప్లర్‌గా చేర్చాలనే ఆలోచన రావాలి. ఆ కొడుకును సంఘం తీసుకుంటుందా, తీసుకుని ఎంత పై పదవి దాకా రానిస్తుంది అన్న దాన్ని బట్టి మీ రాజ్యానికి వందేళ్లా, మూడు వందల ఏళ్లా అన్నది మీరు నిర్ణయించుకోవచ్చు.